శౌరమ్మ టీచరు, లారీలు లేని దారి

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు కీళ్లకి కొబ్బరినూనె పోస్తున్నాడు. అప్పటికే ఎండకి కాగిన ఇనుము మీద నూనె పడగానే ఒక వాసన లేచింది. సగం తలంటు వాసన, సగం సైకిలు షాపు వాసన. ఆ వాసనతో నాకొక ఇతిహాసం గుర్తొచ్చింది. అందులో దట్టమైన అడవులున్నాయి, దుమ్ము రేపుకుంటూ వచ్చే రాక్షసులున్నారు, వాళ్లకి ఎదురు నిలిచిన ఒక వీరవనిత ఉంది, ఆమె వెనక ప్రాణాలకి తెగించిన యోధుల దండు ఉంది. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చోండి, మొదలుపెడతాను అందామనుకున్నాను. కానీ నన్నెరిగినవాళ్లు తిరువూరులో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి నిజం చెప్పక తప్పదు. అడవులంటే మామిడితోటలు. రాక్షసులంటే టిప్పర్ లారీలు. యోధులంటే టెన్తూ ఇంటరూ చదివే పిల్లలు, వాళ్లలో సగం మంది పులిహోర పొట్లం ఎప్పుడు విప్పుతారా అని చూసేవాళ్లు. వీరవనిత మా సోషల్ టీచరు. కొబ్బరినూనె ఆవిడది. జడకీ, సైకిలు గొలుసుకీ ఒకే సీసా వాడేవారు.

ఆమె పేరు శౌరమ్మ. పుట్టింది వినగడపలో, ఉద్యోగం తిరువూరులో. ఊళ్లో ఆడవాళ్లు రిక్షా కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే ఆమె చీర కుచ్చిళ్లు పిన్నుతో బిగించి, గొడుగు క్యారేజీకి కట్టుకుని, సైకిలు మీద బడికి వచ్చేవారు. తొందర ఉండేది కాదు. ఆమె తొక్కుతుంటే సైకిలు ముందుకు పోతున్నట్టు ఉండేది కాదు, ఊరే మర్యాదగా వెనక్కి జరుగుతున్నట్టు ఉండేది. నా సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. నేను గుడి పూజారుల ఇంటి పిల్లవాణ్ని. మంత్రాలు రాలేదు, లెక్కలు రాలేదు, సైకిలు అసలే రాలేదు. వచ్చిందల్లా నోరు. నేను సైకిలెక్కితే మా బజారులో కోళ్లు కూడా అరుగెక్కేవి. అయినా డిగ్రీలో చేరాను కాబట్టి సైకిలు మీద వెళ్లాల్సిందేనని పట్టుబట్టి, వారానికో మోకాలు చొప్పున చెల్లించుకునేవాణ్ని.

ఇదంతా రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. తిరువూరు క్రైస్తవ కుటుంబాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఫిబ్రవరిలో గుణదల కొండ మీద మేరీమాత తిరునాళ్లకి కుర్రాళ్లు సైకిళ్ల మీద వెళ్తారు, ఆడపిల్లలూ పెద్దవాళ్లూ బస్సులో వెళ్తారు. కుర్రాళ్లు వెళ్లేది విజయవాడ మెయిన్ రోడ్డు మీదే. అంతకు ముందు ఏడు ఒక లారీ అంచు తగిలి ఒక అబ్బాయి చెయ్యి విరిగింది. ఇంకో జానెడు ఇటు జరిగి ఉంటే చెయ్యితో పోయేది కాదు. అందుకని ఆ ఏడు చర్చి వరండాలో పెద్దలు కూర్చున్నారు. అక్కడ పూజారి మనవడికి ఏం పని అంటారేమో. మీటింగయ్యాక బజ్జీలు పెడతారని తెలిసింది, అంతకు మించి భక్తి ఏమీ లేదు.

సంఘపెద్ద రాయప్ప గారు కండువా సర్దుకుని తేల్చేశారు. “ఇక చాలు. రోడ్డు మనది కాదు, లారీలది. ఈ ఏటి నుంచి అందరూ బస్సులోనే. మేరీమాత ఏమీ అనుకోదు.” శౌరమ్మ టీచరు లేచారు. “రోడ్డు మార్చుకుందాం రాయప్ప గారూ. మెయిన్ రోడ్డు మీదే వస్తామని ఎవరూ మొక్కుకోలేదుగా.” “ఇంకో రోడ్డు ఎక్కడుందమ్మా?” “వెతుకుతాను.” “వెతికి?” “వెతికి, ఈసారి ఆడపిల్లల్ని కూడా సైకిళ్ల మీద తీసుకెళ్తాను.” వరండాలో ఎవరో దగ్గారు. రాయప్ప గారు మళ్లీ కండువా సర్దుకున్నారు. చెడ్డమనిషి కాదాయన, ఆ చెయ్యి విరిగిన కుర్రాణ్ని ఆసుపత్రికి మోసుకెళ్లింది ఆయనే. “సరే టీచరమ్మా. కానీ వినండి. ఏ ఒక్కరికి ఒక్క గీత పడినా, ఆ రోజుతో సైకిలు యాత్ర ఆఖరు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకి కూడా. మళ్లీ నన్నడగద్దు.” “అడగను” అన్నారామె. ఆ ఒక్క మాటతో రెండు తరాల కుర్రాళ్ల సరదా తీసుకెళ్లి ఆమె తన సైకిలు బుట్టలో వేసుకున్నారు. వాళ్లు ఆమె వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. పరీక్ష పేపరు పక్కవాడికిచ్చి రాయమన్నవాడి చూపు అది.

బయటికి వస్తూ నన్ను ఆపారు. “శేషూ, వచ్చే ఆదివారం నుంచి నువ్వు నాతో రా. దారి చూడాలి.” “నేనా? టీచర్, నేను హిందువుని.” “నాకు తెలుసు. రోడ్డుకి తెలీదుగా.” “కుర్రాళ్లు ఇంతమంది ఉంటే నన్నెందుకండీ?” ఆవిడ నవ్వలేదు, పాఠం చెప్పినట్టే చెప్పారు. “వాళ్లందరూ బాగా తొక్కుతారు. వాళ్లకి ప్రతి రోడ్డూ మంచి రోడ్డే. ఊళ్లో నీకంటే అధ్వాన్నంగా తొక్కేవాడు ఎవడైనా ఉంటే చెప్పు, వాణ్నే తీసుకెళ్తా. నువ్వు పడని దారి దొరికితే ఆ దారిలో ఇంకెవరూ పడరు.” నా జీవితంలో ఒక పనికి నన్ను అర్హత చూసి ఎంచుకోవడం అదే మొదటిసారి. ఇంట్లో చెబితే మా నాయనమ్మ ఒకటే అడిగింది. “సైకిలు మీద వెళ్తావా, కింద వెళ్తావా?”

సోషల్ టీచరు కదా, మ్యాపు తెస్తారనుకున్నాను. “మ్యాపులో లారీలు కనపడవురా” అన్నారు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక భోజనం కట్టుకుని బయల్దేరేవాళ్లం. దగ్గరి ముక్కలు సైకిళ్ల మీద, దూరపు ముక్కలకి సైకిళ్లు బస్సు టాపు మీద వేసుకుని వెళ్లి అక్కడ దింపుకుని. ఏ.కొండూరు పక్కన తండాల మీదుగా ఒక వారం, రెడ్డిగూడెం దాకా ఒక వారం, అక్కడి నుంచి తోటల నడుమ ఆగిరిపల్లి వైపు ఇంకొక వారం. ఆమెకి కొన్ని గుర్తులుండేవి. రోడ్డు మీద వడ్లు ఆరబోశారంటే ఆ రోడ్డు మీద లారీలు తిరగవు. తిరిగేదుంటే రైతు తన గింజలు తెచ్చి అక్కడ పోయడు. అలాగే కుక్క. ఒక ఊరి బయట నడిరోడ్డు మీద ఒక నల్లకుక్క నాలుగు కాళ్లూ చాపుకుని పడుకుని ఉంది. నేను బెల్లు కొట్టబోతే టీచరు చెయ్యడ్డం పెట్టారు. “లేపకురా. అంత నిశ్చింతగా పడుకుందంటే ఈ రోడ్డు గురించి దానికి మనకంటే తెలుసు.” నేను దాన్ని తప్పించబోయి పక్కన కందిచేలోకి వెళ్లిపోయాను. కుక్క ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. టీచరు నన్ను లేవదీసి, “ఇది రోడ్డు తప్పు కాదు, నీది. ఈ ముక్క పాసు” అన్నారు.

ఇంకొకటి, ఎవరినీ ‘రోడ్డు బాగుంటుందా’ అని అడిగేవారు కాదు. అలా అడిగితే మనవాళ్లు ‘బ్రహ్మాండమండి’ అంటారు. ఊరికొచ్చిన మనిషికి చెడు మాట చెప్పకూడదని మనకొక మర్యాద. ఆ మర్యాదని నమ్మి బురదలో దిగబడ్డ వాళ్లు లెక్కలేనంత మంది. ఒక టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని చూసి అడక్కుండానే మొదలుపెట్టాడు. “ఇటెళ్లండి, అద్దం లాంటి రోడ్డు.” టీచరు టీ తాగుతూ నెమ్మదిగా అడిగారు. “మీకు మనవరాళ్లున్నారా బాబాయ్?” “ఉందండీ, ఎనిమిది చదువుద్ది.” “ఆ పిల్లని ఈ రోడ్డు మీద సైకిలిచ్చి ఒంటరిగా బడికి పంపుతారా?” ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. “మా పిల్లనా? అమ్మో! ఆ మలుపు కాడ ఇటుకల ట్రాక్టర్లు అడ్డదిడ్డంగా వస్తయ్యండి, మేమే భయపడతాం.” మాకు అద్దమిచ్చిన మనిషి మనవరాలి మాటెత్తగానే ఆ అద్దాన్ని తనే పగలగొట్టాడు. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ ఆవిడ అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

మెయిన్ రోడ్డుని ఒకచోట అడ్డంగా దాటాలి. అక్కడ ఒక లారీ నా భుజాన్ని గాలితో నెట్టుకుంటూ వెళ్లింది. వెంటనే అలవాటుగా నోరు తెరిచి, లారీ వెనక ‘మళ్లీ కలుద్దాం’ అని రాసుంది టీచర్, నాకైతే ఇష్టం లేదు అన్నాను. ఆమె నవ్వారు, నిజంగానే నవ్వారు. తర్వాత సైకిలు స్టాండేసి నా ఎదురుగా నిలబడ్డారు. “నువ్వు జోకేస్తే భయం తగ్గుతుందిరా, మంచి గుణమే. లారీ మాత్రం తగ్గదు. ముందు పక్కకి జరుగు. తర్వాత ఎన్ని కావాలంటే అన్ని వెయ్యి.” నన్ను తిట్టినవాళ్లున్నారు, నా జోకులకి పొర్లి పొర్లి నవ్వినవాళ్లున్నారు. జోకు వెయ్యమని చెబుతూ దానికొక చోటు చూపించింది ఆవిడొక్కరే. ఆ రోజే, తిరిగొచ్చేటప్పుడు, ఈ పట్టుదల ఎందుకని అడిగాను. “ఈ పిల్లల వయసులో నాకో సైకిలుండేది. తిరునాళ్లకి మా అన్నయ్య దాని మీద వెళ్లేవాడు. నేను అన్నం క్యారియర్లు పట్టుకుని బస్సులో” అన్నారు. మరీ అంత మామూలుగా చెప్పారు కాబట్టి, జోకు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

తిరునాళ్లు వచ్చాయి. అది పనిదినం. తెల్లవారుతుండగా ఫాదర్ గారు సైకిళ్ల మీద దీవెన నీళ్లు చల్లారు. నా మీద రెండుసార్లు చల్లారు, అవసరం గుర్తించినట్టున్నారు. ఆడపిల్లల చున్నీలు చక్రంలో పడకుండా టీచరు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి నడుముకి ముడేశారు. వాళ్లలో నిర్మల అని ఇంటర్ చదివే పిల్ల ఉంది. వెనకాల రాయప్ప గారుంటేనే పంపుతానన్నాడు వాళ్ల నాన్న. అందుకని రాయప్ప గారు మోపెడ్ మీద, ఒళ్లో మందుల పెట్టెతో, గాయం కోసం ఎదురుచూస్తున్న డాక్టరులా మా వెనక బయల్దేరారు. రెడ్డిగూడెం దాకా ఏమీ జరగలేదు. ఇతిహాసంలో ఇలాంటి మాట రాయకూడదని తెలుసు, కానీ ఏమీ జరగకపోవడం కోసమే మేమన్ని ఆదివారాలు తిరిగింది. పిల్లలు పాడుకున్నారు, పులిహోర తిన్నారు, నేను ఒక్కసారి కూడా పడలేదు. కుర్రాళ్లు వెనక నుంచి నా మీద వేసుకున్న పందేలు ఒక్కొక్కటే ఓడిపోతున్నారు.

రెడ్డిగూడెం దాటి తోటల రోడ్డు ఎక్కాల్సిన చోట ముందు దుమ్ము కనపడింది. తర్వాత చప్పుడు. తర్వాత టిప్పర్లు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి, కంకర నింపుకుని. రోడ్డు వెడల్పంతా వాటిదే. మేం వచ్చి చూసిన రోజున అక్కడ వడ్లు ఆరబోసి ఉన్నాయి. టీచరు చెయ్యెత్తారు. అందరం దిగిపోయాం. ఆమె ఆ రోడ్డు వంక చూస్తూ, అందరికీ వినపడేట్టు చెప్పారు. “తప్పు నాది. మేం చూసినవన్నీ ఆదివారాలే. ఆదివారం కంకర క్వారీకి సెలవు. నాకు సెలవున్న రోజున లారీకి కూడా సెలవుంటుందని నాకు తట్టలేదు.” రాయప్ప గారు మోపెడ్ ఆపి వచ్చారు. ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు, భయమే ఉంది. “వద్దు టీచరమ్మా. వెనక్కి వెళ్లి బస్సెక్కిద్దాం. సైకిళ్లు టాపు మీద వేద్దాం. ఇందులో నామోషీ ఏముంది?” అప్పుడు నిర్మల అంది. “టీచర్, ఇవాళ బస్సెక్కితే వచ్చే ఏడు మా నాన్న నన్ను బస్సులో కూడా పంపడు.” నేను జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. పిల్లలందర్నీ రోడ్డు దిగి పక్కకి జరగమన్నాను. అదొక్కటే చేతనైంది.

అంతలో పనికి తోటల్లోకి పోతున్న ఒకామె, చంకలో క్యారియరుతో, మమ్మల్ని చూసి ఆగింది. టీచరు ఆమె దగ్గరికి వెళ్లారు. “అమ్మా, నీకు ఆడపిల్ల ఉందా?” “ఉందండీ. ఏం, సంబంధమా?” అని ఆమె నన్ను ఎగాదిగా చూసింది, చూసి పెదవి విరిచింది. “కాదమ్మా. మీ పిల్ల సైకిలు తొక్కుద్దా?” “ఆ, బ్రహ్మాండంగా తొక్కుద్ది.” “ఈ రోడ్డు మీద పంపుతావా?” “ఈ రోడ్డు మీదా? నేనేమన్నా సవతి తల్లినా? అదుగో, తోటల్లోంచి బండిబాట ఉంది. అటు దూరితే చెరువుకట్ట కాడ తేలతారు. అక్కడ ఈ లారీలుండవు. మా పిల్ల బడికి అటే పోద్ది.” టీచరు బాట దాకా నడిచి చూసి వచ్చారు. ఎడ్లబండి చక్రాల గాడులు, మధ్యలో ఇసక. “శేషూ, ముందు నువ్వు” అన్నారు. అందరూ నా మోకాళ్ల వంక చూశారు. రెండు తరాల సరదా, నిర్మల వచ్చే ఏడూ, టీచరు మాటా, అన్నీ వచ్చి నా హ్యాండిలు మీద కూర్చున్నాయి. అసలే నాకు డబుల్స్ రాదు.

ఎక్కాను. చక్రం ఎటు పోతానంటే అటు పోనిచ్చాను, ఎదురు చెప్పలేదు. నెత్తి మీద మామిడి పూత, చెవుల్లో తేనెటీగలు, వెనక నా గాడిలోనే వస్తున్నవాళ్ల సైకిలు గొలుసుల కిరకిర. కొంతదూరం పోయాక వెనక ధడేలుమని చప్పుడైంది. అందరూ ఒక్క గొంతుతో “శేషూ!” అని అరిచారు. అలవాటు బలం అది. నేను కాలు కింద పెట్టి తిరిగి చూశాను. నేను పడలేదు. ఇసకలో మోపెడ్ పడుకుని ఉంది, దాని పక్కన రాయప్ప గారు కూర్చుని ఉన్నారు. మోచేతి మీద పొడుగ్గా, ఎర్రగా, అనుమానానికి తావు లేకుండా ఒక గీత. నిర్మల ముందుగా చేరింది. “తాతయ్యా, గీత పడింది! ఇప్పుడు యాత్ర ఆఖరేనా?” నవ్వు ఆపుకోలేక కుర్రాళ్లు చెట్ల చాటుకి పోయారు. టీచరు ఆయన మందుల పెట్టే తెరిచి, ఆయన దూదితోనే ఆయన గాయం తుడుస్తూ, “మీరు పెట్టిన షరతు సైకిళ్లకండీ. మోపెడ్ల సంగతి మీరేమీ అనలేదు” అన్నారు. రాయప్ప గారు మోచేతిని ఒకసారి, ఆడపిల్లల్ని ఒకసారి చూసుకున్నారు. “ఇది గీత కాదు టీచరమ్మా. పుట్టుమచ్చ” అని దాని మీదికి కండువా లాక్కున్నారు. ఇసకలో మోపెడ్ స్టార్టు కాలేదు. మొత్తం యాత్రలో ఇంజనున్న ఏకైక బండిని చెరువుకట్ట దాకా ఆడపిల్లలు తోసుకెళ్లారు.

సందెవేళకి నున్న మీదుగా గుణదల చేరాం. కొండ మీద దీపాలు వెలిగాయి. బస్సులు దిగిన జనం దుమ్ము కొట్టుకున్న ఆడపిల్లలు సైకిళ్ల మీద వరసగా రావడం చూసి, ఎవరూ చెప్పకుండానే పక్కకి జరిగారు. “ఏ ఊరమ్మా?” అని ఒక ముసలమ్మ అడిగింది. “తిరువూరు!” అని అందరూ అరిచారు, చెవిటివాళ్లకి చెప్పినట్టు. “అంత దూరం దీని మీదా?” “దీని మీదే!” రాయప్ప గారు కనపడ్డవాళ్లకల్లా చెబుతున్నారు. “మా పిల్లలే. ఒక్క గీత లేదు.” ఆ ఉక్కలో కూడా కండువా తీయలేదు. టీచరు ఏడుస్తారేమోనని నేను ఒక జోకు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ వంగి ప్రతి సైకిలు వెనక టైరూ బొటనవేలితో నొక్కి చూస్తున్నారు. “ఏడవరా టీచర్?” అన్నాను. “ఏడుస్తాలే. ముందు ఆ చివరి బండికి గాలి దిగింది, చూడు.” మెట్లెక్కేటప్పుడు ఒకచోట ఆగారు, కింద సైకిళ్లన్నీ కనపడే చోట. “మా అన్నయ్య ఇంటికొచ్చి ఎట్లా ఉందో వర్ణించి చెప్పేవాడురా. సరిగా చెప్పలేదు. ఇంత బాగుంటుందని చెప్పలేదు.” సిద్ధం చేసుకున్న జోకు నేను వెయ్యలేదు. దానికి అది చోటు కాదని నాకే తెలిసింది.

ఇప్పుడు నేనొక బడికి బస్సుల దారులు నిర్ణయించే ఉద్యోగంలో ఉన్నాను. సైకిలు సరిగా రానివాడికి బస్సులు అప్పగించారని నాయనమ్మ ఉంటే నవ్వేది. కొత్త దారి పెట్టాలంటే పనిదినం పొద్దున్నే వెళ్లి చూస్తాను, ఆదివారం చూసిన రోడ్డుని నమ్మను. టీకొట్టు దగ్గర ఆగి రోడ్డెలా ఉంటుందని అడగను, మనవరాళ్లున్నారా అని అడుగుతాను. డ్రైవర్లు నాకు పెళ్లిళ్ల పేరయ్య అని పేరు పెట్టారు. వాళ్లు వేసే జోకులు బాగానే ఉంటాయి, ముందు బండి పక్కకి తీయించి తర్వాత నవ్వుతాను. శౌరమ్మ టీచరు ఇప్పుడు లేరు. రోడ్డు మీద కాదు, ఇంట్లో, మంచం మీద, జబ్బుతో పోయారు. సైకిలు యాత్ర మాత్రం ఆగలేదు. మేం వెళ్లొచ్చిన మరుసటి ఏడు ఆడపిల్లలే ఎక్కువమంది వచ్చారు, నిర్మల వాళ్ల నాన్న కూడా సైకిలెక్కాడు, క్యారియర్లు పట్టుకుని బస్సులో వెళ్లింది కుర్రాళ్లు. ఇప్పుడైతే ఆడపిల్లలు వెళ్లడం గురించి ఎవరూ మాట్లాడుకోరు కూడా. మీలో వెళ్లదలచినవాళ్లు ఆదివారం రెండో పూజ తర్వాత చర్చి వరండాలో పేర్లివ్వాలి. సైకిలుకి స్టాండు తప్పనిసరి. గోడకి ఆనిస్తే ఫాదర్ గారు ఊరుకోరు, ఈ మధ్యే సున్నం వేయించారు.